గొంతు నొప్పి ఎక్కడమ్మా?

తెలుగులో గొంతు అనే మాటకు మూడు అర్థాలున్నాయి. నోరు తెరిస్తే లోపల కనిపించేది గొంతు. బయట, మెడ ముందు భాగం కూడా గొంతే. మాట్లాడితే వినిపించేదీ గొంతే. ఈ సంగతి మూడో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఎండీ పట్టా అద్దం కట్టించి గోడకు తగిలించుకున్న నాకు మాత్రం, ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చాకే తెలిసింది.

నా దగ్గర కొన్నాళ్లు పనిచేసిన డాక్టరమ్మ ఒకావిడ, "సార్, మీ అనుభవాలు రాయండి, కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తాయి" అని మూడేళ్లుగా పోరుతోంది. నేను ఏ కుర్చీలో కూర్చున్నానో, ఎవరు శాలువా కప్పారో రాస్తే ఎవరికీ పనికిరాదు. బాగుచేసి పంపిన వాళ్ల గురించి రాస్తే నాకు హాయిగా ఉంటుంది, మీకు ఏమీ రాదు. అందుకని నేను చెడగొట్టిన ఒక కేసు గురించే రాస్తాను.

"వైరల్‌లే"

తొంభైల మొదట్లో నేను కంచరపాలెంలో, రైలు పట్టాలకు కాస్త ఇవతల ఉన్న ఒక నర్సింగ్ హోములో చేరాను. దాన్ని నడిపే పెద్దాయన్ని అందరం పెద్దసారు అనేవాళ్లం. చెయ్యి మంచిది. పొట్ట మీద అరచెయ్యి ఆనించి టైఫాయిడో కాదో చెప్పేవాడు, చాలాసార్లు నిజమయ్యేది. కానీ తనకు అంతుపట్టని ప్రతి జబ్బుకూ ఆయన దగ్గర ఒకే మాట ఉండేది. "వైరల్‌లే." ఒళ్లు నొప్పులు వైరల్. నీరసం వైరల్. కళ్లు తిరిగితే వైరల్. ఆ మాట చెప్పగానే రోగి కూడా ఏదో అర్థమైనట్టు తలూపి వెళ్లిపోయేవాడు.

నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. నేను చదువుకుని వచ్చింది థైరాయిడ్ మీద ఇష్టంతో. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ దళమే మన గ్రంథిని పరాయిదనుకుని దాని మీద పడడం అనే సంగతి నన్ను చదువుకునే రోజుల్లోనే పట్టేసింది. పుస్తకంలో ఉన్న జబ్బును మనిషిలో పట్టుకోవాలని ఆబగా ఉండేది. పెద్దసారు వైరల్ అన్న ప్రతిచోటా నేను ఇంకేదో వెతికేవాణ్ని.

ఆయన దగ్గర ఇంకో అలవాటు ఉండేది. ల్యాబులో పనిచేసేవాళ్లు నోరెత్తితే సహించేవాడు కాదు. "నిన్నడిగానా? అడిగింది రాసి పంపు, చాలు" అనేవాడు, రోగుల ముందే. వైరల్ అనే మాటను నేను అసహ్యించుకున్నాను గానీ, ఈ రెండో అలవాటును మాత్రం తెలియకుండానే నేర్చుకున్నాను. పై అధికారి దగ్గర మనం ఏం నేర్చుకుంటున్నామో మనకు ఆ రోజుల్లో తెలియదు.

సున్నం పట్టు

ఒక ఏడు వానలు ఆలస్యంగా మొదలై ఆగకుండా పడ్డాయి. ఊరంతా జ్వరాలు, దగ్గులు. బెంచీలు చాలక జనం మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఆ గుంపులోనే నూకరత్నం మొదటిసారి వచ్చింది.

ముప్పై ఏళ్లుంటాయి. ఫిషింగ్ హార్బరులో పాట పిలిచేది. బోట్లు ఒడ్డుకు రాగానే చేపలు కుప్పలు పోసి వేలం వేస్తారు కదా, ఆ వేలానికి గొంతెత్తి ధర పిలిచే మనిషి. తెల్లవారకముందే మొదలయ్యే పని. ఇంజన్ల చప్పుడు, ఐసు కొట్టే చప్పుడు, కాకుల గోల, వీటన్నిటి మీదా ఆమె మాట వినపడాలి. భర్త బోటు మీద వారాల తరబడి సముద్రంలో ఉండేవాడు. ఇంట్లో అత్తా కోడళ్లే.

"గొంతు నొప్పి బాబూ. మొన్నటేల జొరమొచ్చి తగ్గినాది. ఇప్పుడు గుటకేత్తే సెవిలోకి లాగతంది" అంది.

"హార్బరులో రోజూ అరుస్తావు కదా, నొప్పి రాదా మరి?" అన్నాను వేళాకోళంగా.

"అరవడమేటి బాబూ, పాట పిలుత్తాను. నాను పిలవకపోతే సరుకు కుల్లిపోద్ది."

నోరు తెరవమని టార్చి వేశాను. కాస్త ఎర్రగా ఉంది. ఆ వానాకాలంలో ఎవరి గొంతులో లైటు వేసినా కాస్త ఎర్రగానే ఉండేది. ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాసి, మాట తగ్గించమని చెప్పి పంపించాను. ఆమె గొంతు అన్నది బయటి గొంతును. నేను చూసింది లోపలి గొంతును. విశ్రాంతి ఇమ్మన్నది మూడో గొంతుకు. ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకున్నాం.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది, ఈసారి అత్తగారు పోలమ్మతో. పోలమ్మ ఎండిన మనిషి, గట్టి మనిషి. ఐసు పెట్టెల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి ఆమె అరచేతులు తెల్లగా, ముడతలు పడి ఉండేవి. కోడలి మెడ ముందంతా పసుపు, సున్నం కలిపిన పట్టు వేసి ఉంది. రెండు పక్కలా వెడల్పుగా, మధ్యలో సన్నగా, ఎండి పెచ్చులు కట్టింది.

"ఇదేమిటమ్మా, సున్నం పెడితే చర్మం కాలిపోదూ?" అని కసిరాను.

"నొప్పున్న కాడల్లా రాసినాను బాబూ. మరెక్కడా రాయలేదు" అంది పోలమ్మ.

సిస్టరును పిలిచి కడిగించేశాను. కింద చర్మం ఎర్రగా కమిలింది. వేళ్లతో నొక్కి చూడబోతే నూకరత్నం నా చెయ్యి తోసేసింది. సున్నం కాల్చిన చోటు ముట్టుకుంటే మంటే కదా అనుకున్నాను.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా అక్కడే ఉంటుంది, సరిగ్గా అలాగే ఉంటుంది, రెండు పక్కలా వెడల్పుగా, మధ్యలో సన్నగా. వైరస్ జ్వరం తగ్గిన కొన్ని వారాలకు ఆ గ్రంథి వాచి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పెట్టి, చెవి దాకా లాగే జబ్బు ఒకటుంది. చదువురాని ఆ పెద్దమ్మ నా కోసం ఆ గ్రంథిని కోడలి మెడ మీద సున్నంతో గీసి తీసుకొచ్చింది. నేను దాన్ని తడిగుడ్డతో తుడిపించేశాను.

చేతులు చాపమంటే వేళ్లు వణికాయి. నాడి పరుగులు పెడుతోంది. జాకెట్టు వదులైపోయింది. చెమట. నాకు లోపల సంతోషమే కలిగింది, దాచుకోవడం దేనికి? ఇది థైరాయిడ్. వరండాలో పెద్దసారు ఎదురై "ఏంటి, వైరలేనా?" అన్నాడు. "కాదు సార్, గ్రేవ్స్ అనుకుంటున్నాను" అన్నాను గర్వంగా. రక్షణ దళం థైరాయిడ్‌ను రెచ్చగొట్టి హార్మోను అతిగా తయారుచేయించే జబ్బు అది. వైరల్ అన్న పెద్దసారు మాటే ఈసారి నిజం. నేను పట్టాలున్న మనిషిని కాబట్టి ఆయన ఊరుకున్నాడు.

హార్మోను పరీక్ష బయటికి పంపాలి, వారం పట్టేది. వచ్చిన కాగితంలో హార్మోను ఎక్కువే ఉంది. ఉండక ఏం చేస్తుంది? వాచిన గ్రంథి చితికి, లోపల నిల్వ ఉన్నదంతా రక్తంలోకి కారిపోతోంది. కారడం వేరు, తయారుకావడం వేరు. తయారీని ఆపే మందు కారేదాన్ని ఆపలేదు. ఈ తేడా పట్టుకోవడానికి ఈఎస్సార్ అనే పాతకాలపు పరీక్ష చాలావరకు సరిపోతుంది. రక్తాన్ని సన్నటి గొట్టంలో గంటసేపు నిలబెట్టి ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయో చూస్తారు. గ్రేవ్స్‌లో మామూలుగా అంతగా దిగవు. ఈ జబ్బులో దబ్బున దిగిపోతాయి. మా ల్యాబులో ఆ గొట్టాలు బోలెడున్నాయి. నేను చీటీలో రాయలేదు.

కార్బిమజోల్ మొదలుపెట్టాను, తయారీని ఆపే మందు. వణుకు తగ్గే మాత్ర కూడా ఇచ్చాను. కార్బిమజోల్ ఎక్కడో ఒకరికి రక్తంలో తెల్లకణాలను తుడిచిపెట్టేస్తుంది. అప్పుడు మొదట కనిపించేది జ్వరం, గొంతు నొప్పి. కాబట్టి మందు ఇచ్చే ప్రతి డాక్టరూ ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. నేనూ చెప్పాను.

"జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే వెంటనే మాత్ర ఆపేసి నా దగ్గరకు రావాలి. తెలిసిందా?"

నూకరత్నం మెడ మీద చెయ్యి వేసుకుంది. "ఇప్పుడుంది గదా బాబూ గొంతు నొప్పి?"

"అది కాదమ్మా. అది ఈ మాత్రతోనే తగ్గిపోతుంది" అని తర్వాతి చీటీ అందుకున్నాను.

అంతే. నా చేతిలో ఉన్న ఒకే ఒక్క హెచ్చరిక మాటను నేనే ఖర్చు పెట్టేశాను.

మనిసికి గొంతు ఒకటే గదా

వణుకు మాత్రతో ఆమె పదిరోజుల్లో నెమ్మదించింది. నా నిర్ణయం సరైందని నేను మురిసిపోయాను. ఆరో వారంలో, ఒక సోమవారం పొద్దున్న పదకొండు గంటలకు, పోలమ్మ కోడల్ని రెండు చేతులతో పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. వరస కూడా చూడకుండా నా గదిలోకి తోసుకొచ్చింది. నేను తిట్టబోయి, నూకరత్నం ముఖం చూసి ఆగిపోయాను.

ఒళ్లు పెనంలా కాలుతోంది. పెదాల లోపల పుళ్లు. నోరు తెరిస్తే గొంతు నిండా తెల్లటి పొరలు. మాట రావడం లేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగ్రోజులు బాబూ" అంది పోలమ్మ.

"గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపమని చెప్పానా లేదా?" అని అరిచాను. భయం వేసినప్పుడు నేను అరుస్తాను. చాలామంది డాక్టర్లు అంతే.

పోలమ్మ జంకలేదు. "నువ్వే గదా బాబూ అన్నావు, ఆ గొంతు నొప్పి ఏటీ కాదు, మాత్రతో తగ్గిపోద్దని? నొప్పి ఎక్కువైతే మాత్ర మానేత్తామేటి? ఒక్క పూట తప్పకుండా ఏసినాను. దానికి గుటక దిగకపోతే నీల్లలో అరగదీసి నా సేత్తో నానే పోసినాను."

"అది వేరే గొంతు నొప్పి అమ్మా, ఇది వేరే."

"మనిసికి గొంతు ఒకటే గదా బాబూ?"

 సిస్టరును కేకేశాను.

రక్తం తీయించి ల్యాబుకు పంపాను. అక్కడ సన్యాసిరావు ఉండేవాడు. మితభాషి. మామూలుగా చీటీ సిస్టరు చేత పంపేవాడు. ఆ రోజు తానే నడిచొచ్చాడు.

"సార్, తెల్లకణాలు లెక్కెట్టడానికి కనపడ్డం లేదు. ఉన్న నాలుగూ వేరే రకం. సూక్ష్మక్రిములతో పోట్లాడేవి ఒక్కటీ లేవు. స్లైడు మూడుసార్లు సేసి సూసాను."

పెద్దసారును పిలిచాం. ఆయన స్లైడు చూసి గడ్డం గోక్కుని, "వైరల్‌లో కూడా తెల్లకణాలు తగ్గుతాయి కదా. రెండు రోజులు చూద్దాం" అన్నాడు.

"తగ్గడం కాదు సార్, లేవు. రెండు రోజులు చూడ్డానికి మనిషి ఉండదు" అన్నాను. ఆయనతో ఆ గొంతుతో మాట్లాడడం అదే మొదటిసారి. ఆయన చివరి గది ఖాళీ చేయించమని సిస్టరుకు చెప్పాడు. ఆయన్ని గురించి ఎన్ని చెప్పినా, ఆ పూట అడ్డుపడకపోవడం ఆయన పెద్దతనమే.

మాత్రలు ఆపేశాం. నరం ద్వారా పెద్ద యాంటీబయాటిక్‌లు. చివరి గదిలోకి చేతులు కడుక్కోకుండా ఎవరూ వెళ్లకూడదు. పోలమ్మను అసలు వెళ్లనివ్వలేదు. గుమ్మం అవతల నేల మీద కూర్చుంది. మేం ఎవరం బయటికి వచ్చినా ముఖం చూసేది.

ఆ సాయంత్రం సన్యాసిరావు నా టేబులు దగ్గర తచ్చాడాడు. "సార్, ఒక మాట. ఈవిడ రక్తం నాను ముందోసారి సూసాను, మీరు మొదటిసారి తీయించినప్పుడు. సీసా స్టాండులో పెట్టి వేరే పని సూసుకుని వచ్చేసరికే ఎర్రంతా కిందకి దిగిపోనాది. అంత జోరుగా దిగడం ఎప్పుడూ సూడలేదు."

"చెప్పలేదేం?"

"చీటీలో ఈఎస్సార్ లేదు సార్. అడిగింది రాసి పంపమంటారు గదా."

అతను నన్ను ఎత్తిపొడవడం లేదు, ఉన్నది చెబుతున్నాడు. ఆ రక్తం తీయించడానికి నెల ముందు, వేరే ఎవరి రక్తం గురించో అతను ఏదో చెప్పబోతే, పెద్దసారు మాటే, పెద్దసారు గొంతుతోనే నేను అన్నాను. నాకు గుర్తొచ్చింది. ఆ కుర్చీలో కూర్చునే అంతా అర్థమైంది. వాన, జ్వరం, చెవిలోకి లాగే నొప్పి, సున్నం, దిగిపోయిన రక్తం. ఇది గ్రేవ్స్ కాదు. వైరస్ వెనకాల వచ్చి, కొన్ని నెలల్లో తనంతట తానే తగ్గిపోయే వాపు. నొప్పి మాత్రలు, మరీ బాధ ఎక్కువైతే కొన్నాళ్లు స్టెరాయిడ్ ఇస్తే సరిపోయేది. ఆమె ప్రాణం తీయబోతున్న మందు ఆమెకు మొదటినుంచీ అక్కర్లేదు.

ఐసు

తెల్లకణాలు మళ్లీ పుట్టేలా ఎముక మూలుగను తొందరపెట్టే ఇంజెక్షన్ ఒకటి అప్పటికి కొత్త. మా ఊళ్లో ఎక్కడ అడిగినా దొరకలేదు. హైదరాబాదులో ఉన్న నా క్లాస్‌మేటు ఎలాగో సంపాదించి, థర్మాసు ఫ్లాస్కులో పెట్టి తెలిసినవాళ్ల చేతికిచ్చి రైల్లో పంపాడు. బుధవారం మధ్యాహ్నానికి చేతికొచ్చింది. చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. రోజుకొకటి చొప్పున వాడాలి. మిగతావి ఫ్రిజ్‌లో పెట్టబోతే కరెంటు లేదు. ఆ వారం మా వైపు కరెంటు పోతే ఎప్పుడొచ్చేదో ఎవరికీ తెలియదు. జనరేటరు చెడిపోయి మెకానిక్కు కోసం కబురు వెళ్లింది.

ఫ్లాస్కులో ఐసు నీళ్లయిపోతోంది. నేనూ సిస్టరూ కంగారు పడుతుంటే గుమ్మం దగ్గర నుంచి పోలమ్మ లేచింది.

"ఏటి బాబూ, ఐసు కావాలేటి?"

"ఐసులో పెట్టకూడదమ్మా. గడ్డకడితే మందు పాడైపోతుంది."

"ఐసు తగలకూడదు, సల్లదనం తగలాల. అంతే గదా? రొయ్యని అలగే పంపుతాం గదా. కింద ఐసు, మద్దిని గోనె, గోనె మీన సరుకు. నీరు కిందకి పోడానికి కన్నం ఉండాల. ముప్పై ఏల్లు అదే పని సేసినాను బాబూ."

గంటన్నరలో ఆటోలో ఐసు పెట్టె దిగింది. చేపల వాసన. పెద్దసారు ముక్కు మూసుకున్నాడు. పోలమ్మ గోనె మడతలు వేసి, మీద చెయ్యి పెట్టి చూసి, ఇంకో మడత వేసి, "ఇప్పుడెట్టు" అంది. సన్యాసిరావు ల్యాబు థర్మామీటరు తెచ్చి పెట్టాడు. ఎంత ఉండాలో అంతే ఉంది. కరెంటు వచ్చేదాకా, రెండు రోజులూ ఆమె ఆ పెట్టె పక్కనుంచి కదల్లేదు. కోడలి దగ్గరికి వెళ్లనివ్వలేదు కదా, ఆ పెట్టెనే కాపలా కాసింది.

లోపల నూకరత్నానికి మాట లేదు. హార్బరంతా వినపడే మనిషి. పాటలో ధర పెంచేటప్పుడు వేళ్లతో చూపిస్తారట, అలాగే వేళ్లు లేపి చూపించేది. ఇంకా ఎన్ని రోజులని? నేను కూడా వేళ్లు లేపేవాణ్ని, తోచినన్ని. శుక్రవారం జ్వరం ఇంకా పెరిగింది. శనివారం రక్తపోటు పడిపోయి, మధ్యాహ్నం దాకా ఆమె చేతిని నేను వదల్లేదు. చచ్చిపోతే పోలమ్మతో ఏమని చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆ మాటల్లో ఎక్కడా నా పేరు లేదు.

మంగళవారం పొద్దున్న సన్యాసిరావు మళ్లీ నడిచొచ్చాడు. ఈసారి పరుగు లాంటి నడక.

"ఒచ్చినాయి సార్! పిల్లకణాలే, కానీ ఒచ్చినాయి!"

ఇద్దరం ల్యాబుకు వెళ్లి ఆ స్లైడు మీద వంగి, ఒకరి తర్వాత ఒకరం ఎన్నిసార్లు చూశామో. నాకు ఏడుపొచ్చింది. అతను అటు తిరిగి గొట్టాలు సర్దుకున్నాడు.

మందు పడలేదు

ఆమె బతికింది. మందు ఏమీ ఇవ్వకుండానే థైరాయిడ్ నెమ్మదించింది, కొన్నాళ్లు మరీ మందగించింది, తర్వాత మామూలైంది. ఇంటికి పంపేరోజు పోలమ్మ అడిగింది.

"ఎందుకిలగయినాది బాబూ?"

"మందు పడలేదమ్మా" అన్నాను.

మా వృత్తిలో ఇంత సుఖమైన మాట ఇంకొకటి లేదు. అబద్ధం కాదు. మందు పడని మాట నిజమే. కానీ ఆ మాట తప్పును మందుకూ రోగి ఒంటికీ మధ్య ఎక్కడో పడేసి, రాసినవాణ్ని తప్పిస్తుంది. పోలమ్మ తలూపింది.

ఆ తర్వాత ఏటా వానలు పడ్డాక ఒకరోజు అత్తా కోడళ్లిద్దరూ వచ్చేవాళ్లు, ఆకులో చుట్టిన పెద్ద వంజరం చేప పట్టుకుని. నూకరత్నం గొంతు మళ్లీ ఖంగుమనేది. పోలమ్మ చేపను బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా, ప్రతిసారీ ఒకే మాట అడిగేది.

"నాలుగ్రోజులు నాను ఏసినాను గదా బాబూ, అరగదీసి. ఏయకపోతే అంత కాదు గదా?"

"అలా అనుకోకమ్మా. మందు పడలేదు. ఎవరి తప్పూ కాదు" అనేవాణ్ని. ఓదార్చాననుకునేవాణ్ని. చేప బాగుండేది.

"ఆ జొరం వల్లేనా?"

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. గొంతు అన్న ప్రతి మనిషినీ వేలితో చూపించమన్నాను. సన్యాసిరావు అడగకపోయినా చెప్పొచ్చని ల్యాబు తలుపు మీద నా చేతి రాతతో అంటించాను. కార్బిమజోల్ ఇచ్చేటప్పుడు గొంతు నొప్పి అనే మాట వాడడం మానేసి, "నీళ్లు మింగలేకపోతే, నోట్లో పుళ్లొస్తే, జ్వరం తగిలితే" అని, వాళ్ల చేత తిరిగి చెప్పించుకునేవాణ్ని.

రెండు వేల సంవత్సరం తర్వాత, కీళ్లు పట్టేసే జ్వరాలు పాకిన ఏడు, సబ్బవరం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఆమెది నిజంగా గ్రేవ్సే. కళ్లు ఉబ్బాయి, మెడ వాచింది గానీ నొప్పి లేదు, ఈఎస్సార్ మామూలు. ఆమె భర్త పట్టుబట్టాడు. "ఆ జొరం వల్లే ఒచ్చినాదంటారా? సెప్పండి సార్, ఏదో ఒకటి సెప్పండి."

ఏదో ఒకటి చెప్పడం తేలిక. నాకు తెలిసింది చెప్పాను. నూకరత్నానికి వచ్చిన నొప్పి వాపులో వైరస్సే మొదటి అనుమానితుడు. రక్షణ దళం తిరగబడే జబ్బుల్లో కథ అంత సూటిగా ఉండదు. వీధిలో దొంగ పడ్డ గలాటాలో కాపలావాళ్లు సొంతింటి మనిషినే పట్టుకుని కొట్టినట్టు, వైరస్‌తో పోట్లాడుతూ రక్షణ కణాలు గ్రంథి మీద పడతాయేమోనని పెద్దలు అనుమానిస్తారు. జబ్బుపడ్డ గ్రంథిలో వైరస్ ఆనవాళ్లు దొరికిన సందర్భాలున్నాయి. మంచి గ్రంథిలోనూ దొరికాయి. అక్కడ కనిపించినంత మాత్రాన చేసింది అదేనని అనలేం. వంశంలో ఉండడం, ఆడమనిషి కావడం, కాన్పు తర్వాతి రోజులు, అయోడిన్ మోతాదు, ఇవన్నీ కలుస్తాయి. వీధి వీధంతా జ్వరపడితే ఈ జబ్బు వచ్చింది ఈమె ఒక్కదానికే కదా?

"అంటే తెలీదంటారు" అన్నాడాయన.

"ఖాయంగా తెలీదు" అన్నాను. ఆయనకు నచ్చలేదు. టీచరమ్మ మాత్రం నోటుబుక్కు తీసి అంతా రాసుకుంది. పెద్దసారు ప్రతిదానికీ వైరల్ అన్నాడు, నేను ప్రతిదానికీ కాదన్నాను. ఇద్దరమూ రోగిని చూడకముందే తీర్పు రాసుకున్నవాళ్లమే.

చివరి వంజరం

నేను పని మానేసే నెలలో నూకరత్నం వచ్చింది. జుట్టు నెరిసింది. చేతిలో ఆకు పొట్లం. ఒక్కతే వచ్చింది.

"అత్తేది?"

"పోనాది బాబూ, ఎండల్లో. నిద్దర్లో పోనాది."

ఇక ఈ కుర్చీ కూడా ఉండదు కదా అనిపించి, చెప్పేశాను. "నూకరత్నం, నీకొక మాట చెప్పాలి. మందు పడకపోవడం కాదు. ఆ మందు నీకసలు అక్కర్లేదు. నేను జబ్బు తప్పు పట్టాను."

ఆమె నా వంక తేరిపార చూసింది. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు.

"తెల్సు బాబూ. సన్యాసిరావుగారు ఆయేడే సెప్పినారు."

"తెలిసీ ఇన్నేళ్లూ చేపలు తెచ్చావా?"

"సేప మీ కోసం కాదు బాబూ. మా అత్త 'నా సేత్తో ఏసినాను, నా సేత్తో సంపబోనాను' అని ఏడిసేది, ఎవులూ లేనప్పుడు. నాను సెప్తే నమ్మలేదు. కోడలు ఓదారుత్తందనుకునేది. డాట్రుబాబు నోటమ్మట ఇంటే నమ్మేది. ఏటా తీసుకొచ్చినాను, ఈయేడైనా మీరు సెప్తారని."

చీర కొంగు సర్దుకుని లేచింది. "సల్లదనం పోకముందే ఒండుకోండి. ఐసులోంచి తీసి గంటయినాది" అని వెళ్లిపోయింది.

బల్ల మీద ఆకు పొట్లం మిగిలింది. పోలమ్మా, నీ చేతిలో తప్పు లేదు. తప్పు నా చీటీలో ఉంది. ఈ రెండు ముక్కలు నా నోట వినడానికి ఆమె నా ఎదురుగా పన్నెండు సార్లు వచ్చి నిలబడింది, కూర్చోకుండా.